వైన్ సీసా, బెండు బిరడా

వైన్‌ను గాజు సీసాలో పోసి, మూతికి బెండు (కార్కు) బిరడా బిగించి, అడ్డంగా పడుకోబెట్టి ఏళ్ళ తరబడి దాచే పద్ధతికి నిండా నాలుగు వందల ఏళ్ళు లేవు. ద్రాక్షరసం పులియబెట్టి తాగడం మాత్రం ఎనిమిది వేల ఏళ్ళ నాటి సంగతి. జార్జియా దేశంలో తవ్వితే బయటపడ్డ కుండపెంకుల్లో క్రీ.పూ. 6000 నాటి వైన్ ఆనవాళ్ళు దొరికాయి. మధ్యలో గడిచిన వేల ఏళ్ళలో వైన్ కుండల్లో, తోలు తిత్తుల్లో, చెక్క పీపాల్లో బతికింది. సీసా చరిత్ర అంటే చాలామటుకు దాని మూతి చరిత్రే. లోపలున్న పానీయానికి గాలి తగలాలా వద్దా, అందులోంచి వాయువు పుడుతుందా లేదా అన్నదాన్నిబట్టి బిరడా ఉంటుంది. ఆ బిరడా వెనక ఎంత ఒత్తిడి నిలవాలో దాన్నిబట్టి గాజు మందం ఉంటుంది.

ఈ సంగతి అర్థం కావడానికి కోనసీమ మంచి చోటు. ముమ్మిడివరం పరిసరాల్లో మూత బిగించకూడని కల్లు కుండ ఉంది, గోళీయే బిరడా అయిన సోడా ఉంది. ఎదుర్లంక దగ్గర గౌతమి దాటితే ఫ్రెంచివాళ్ళు ఏలిన యానాం ఉంది.

మూత లేని కుండ

తాడి, కొబ్బరి చెట్ల విచ్చుకోని పూగెలను కట్టి, మెల్లగా తట్టి, రోజూ కొస చెక్కుతూ ఉంటే తియ్యటి నీరు (నీరా) కారుతుంది. కొబ్బరి నీరాలో వందకు పన్నెండు నుంచి పదిహేను పాళ్ళు చక్కెర ఉంటుంది. నీరాగానే దించాలంటే కుండ లోపల సున్నం పూస్తారు. పూయకపోతే నిన్నటి కుండకు అంటిన మడ్డిలోని ఈస్టు చెట్టుమీదే పని మొదలుపెడుతుంది. తెల్లవారి దించేసరికి నురగ పొంగుతూ ఉంటుంది.

ఒక లీటరు కల్లులో నలభై గ్రాముల మద్యం తయారైతే, దానితోపాటు సుమారు ఇరవై లీటర్ల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఆ వాయువు కుండ మూతిలోంచి పోవలసిందే. గట్టిగా బిరడా బిగిస్తే బిరడా అన్నా ఎగురుతుంది, కుండ అన్నా పగులుతుంది. అందుకే గీసేవాళ్ళు కుండమూతికి ఆకో పీచో అడ్డం పెడతారు తప్ప బిగించరు. అది ఈగలకూ తేనెటీగలకూ అడ్డం, వాయువుకు కాదు. ఇక గాలి లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి మద్యాన్ని పులుపుగా మార్చే సూక్ష్మజీవులు మర్నాటికల్లా కుండను వినెగరు చేసేస్తాయి. కల్లుకు వయసు లేకపోవడానికి కారణం ఇదే. పొద్దుటి కల్లు, సాయంత్రపు కల్లు అన్న తేడాయే తప్ప నిరుటి కల్లు అన్న మాట ఎక్కడా వినం.

దాచుకునే వస్తువులకు మన ఇళ్ళలో వేరే ఏర్పాట్లు ఉండేవి. ఊరగాయ జాడీకి వాసెన కట్టేవారు. కిరసనాయిలు సీసా మెడకు పురికొస చుట్టి, మూతిలో కాగితం ఉండో గుడ్డపీలికో కుక్కేవారు. వైద్యులు ద్రాక్షారిష్టం వంటివి పులియబెట్టేటప్పుడు మూకుడు మూసి, మట్టి పూసిన గుడ్డను అంచు చుట్టూ చుట్టేవారు. దానికి సంధిబంధనమని పేరు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ద్రాక్షరసంతో చేసే మద్యాన్ని ‘మధు’ అని చెప్పి, అది వచ్చే దేశాలనుబట్టి కాపిశాయనం, హారహూరకం అని రెండు రకాలు పేర్కొంది. రెండూ వాయవ్యపు కొండల సరుకే. తీరాంధ్రలో ఆ తోటలు లేవు.

కుండలు, మట్టి బిరడాలు

మట్టితో మూతి మూయడంలో ఈజిప్టువాళ్ళు ఆరితేరారు. క్రీ.పూ. 14వ శతాబ్దపు రాజు టుటంఖమున్ సమాధిని 1922లో తెరిస్తే అందులో 26 వైన్ జాడీలు కనిపించాయి. చాలావాటి మీద ఏ పాలనా సంవత్సరంలో చేసినది, ఏ తోటది, చేయించిన పెద్ద ఎవరన్నది సిరాతో రాసి ఉంది. ఇప్పటి చీటీ మీద ఉండే సమాచారం ఇంతకంటే ఎక్కువేమీ కాదు. కొన్నిటి మట్టి బిరడాలకు చిన్న కన్నాలు పెట్టి, పులియడం ఆగాక వాటిని మళ్ళీ పూడ్చారు. కల్లు గీసేవాళ్ళు రోజూ ఎదుర్కొనే సమస్యకు మూడు వేల మూడు వందల ఏళ్ళ కిందటి పరిష్కారం ఇది.

గ్రీకులూ రోమన్లూ కోసు అడుగున్న రెండు చెవుల జాడీలు వాడారు. వీటినే ఆంఫొరాలంటారు. రోమన్ల కొలతలో ఒక ఆంఫొరా అంటే సుమారు 26 లీటర్లు. లోపల కీలు పూసి, మూతికి ఒక్కోసారి కార్కు ముక్క పెట్టి పైన సున్నపు గార మెత్తేవారు. అంటే బెండు బిరడా రోమన్లకు తెలుసు. మంచి వైన్‌ను ఏళ్ళ తరబడి నిలవ పెట్టడమూ తెలుసు. ఆ జాడీలు మన సముద్రందాకా వచ్చాయి. యానాం ఏ పాలన కింద ఉందో ఆ పుదుచ్చేరి పక్కనే ఉన్న అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపినప్పుడు ఆంఫొరా పెంకులు విస్తారంగా దొరికాయి.

క్రీ.పూ. 1వ శతాబ్దంలో సిరియా, పాలస్తీనా ప్రాంతంలో గాజును గొట్టంతో ఊదడం కనిపెట్టాక రోమన్ల ఇళ్ళలో సీసాలు మామూలయ్యాయి. అవి పలచన, వడ్డనకే. జర్మనీలోని స్పేయర్ దగ్గర 1867లో ఒక సమాధిలో దొరికిన ఒకటిన్నర లీటర్ల గాజు సీసా క్రీ.శ. 4వ శతాబ్దం నాటిది. అందులో ద్రవం ఇంకా ఉంది. దాన్ని కాపాడింది గాజు ఒక్కటే కాదు: వైన్ మీద మందంగా పోసిన ఆలివ్ నూనె, మూతికి పెట్టిన మైనం. మన ఆవకాయ మీద నూనె తేలాలని పెద్దవాళ్ళు పట్టుబట్టేది కూడా ఇదే లెక్కన.

రోమన్ రాజ్యం కూలాక యూరపు పీపాలకు మళ్ళింది. పీపాను దొర్లించవచ్చు, ఓడలో పేర్చవచ్చు. కానీ సగం ఖాళీ అయిన పీపాలో గాలి నిండి వైన్ పుల్లబడుతుంది. అందుకే మధ్యయుగాల్లో కొత్త వైన్‌కే ధర ఎక్కువ. పాతది చవక.

బొగ్గు కొలిమి

మలుపు ఇంగ్లండులో వచ్చింది. విచిత్రమేమంటే అప్పట్లో ఆ దేశంలో చెప్పుకోదగ్గ ద్రాక్షతోటలే లేవు. యుద్ధనౌకలకు కలప చాలదన్న భయంతో 1615లో మొదటి జేమ్స్ రాజు గాజు కొలుములలో కట్టెలు వాడకూడదని ఆజ్ఞ జారీ చేశాడు. గాజు తయారీపై గుత్తహక్కు రాబర్ట్ మాన్సెల్ అనే నౌకాదళాధికారి చేతికి వచ్చింది. కొలుములు రాతిబొగ్గుకు మారాయి. బొగ్గుమంట కట్టెల మంటకంటే తీవ్రం. దాని పొగ, ముడిసరుకులోని ఇనుమూ కలిసి గాజును నల్లగా, ముదురాకుపచ్చగా చేశాయి. చూపుకు అందం తగ్గింది, బలం పెరిగింది. పైగా ఆ ముదురు రంగు వెలుతురు నుంచి వైన్‌ను కాపాడుతుందని తర్వాత తెలిసింది. 1630లలో కెనెల్మ్ డిగ్బీ అనే దొర ఈ గాజుతో మందపాటి సీసాలు చేయించాడు. ఆ ఘనత డిగ్బీదేనని 1662లో, వేరొకరి పేటెంటు దరఖాస్తు విచారణకు వచ్చినప్పుడు తేలింది.

తొలి సీసాలు పొడుగు మెడ, గుండ్రటి పొట్టతో ఉండేవి. తర్వాత పొట్టిగా, ఉల్లిగడ్డ ఆకారంలోకి వచ్చాయి. నోటితో ఊదినవి కాబట్టి ఏ రెండూ ఒక కొలత కావు. కొలతలో మోసం జరుగుతుందని అప్పట్లో ఇంగ్లండులో వైన్‌ను సీసాల లెక్కన అమ్మనిచ్చేవారు కాదు. ఉన్నవాళ్ళు సొంత సీసాలు చేయించుకుని, వాటిమీద గాజుముద్ర వేయించి, వ్యాపారి పీపాలోంచి నింపించుకునేవారు. లండన్ దినచర్యకారుడు సామ్యుల్ పీప్స్ తన ముద్రతో చేయించిన అయిదారు డజన్ల సీసాలు నింపుతుంటే చూసి మురిసిపోయిన సంగతి 1663 అక్టోబరులో రాసుకున్నాడు.

బలమైన సీసా దొరికాక దానికి బెండు బిరడా తోడైంది. మొదట లాభపడ్డది ఆపిల్ రసంతో చేసే సైడరు. జాన్ వర్లిడ్జ్ 1676లో సైడరు మీద రాసిన పుస్తకంలో సీసాలను పక్కకు పడుకోబెట్టమని సలహా ఇచ్చాడు. బిరడా తడిగా ఉంటే ఉబ్బి బిగుసుకుంటుంది. ఎండితే కుంచించుకుపోయి గాలి దూరుతుంది. ఉల్లిగడ్డ సీసాను పడుకోబెట్టడం, ఒకదాని మీద ఒకటి పేర్చడం కష్టం. 18వ శతాబ్దమంతా సీసా సన్నబడుతూ నిట్టనిలువు గొట్టంగా మారడానికి ముఖ్య కారణం ఇదే. 1821లో బ్రిస్టల్‌కు చెందిన హెన్రీ రికెట్స్ అచ్చులో సీసా చేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాక కొలతలు కుదురుకున్నాయి. 1903లో అమెరికాలో మైకేల్ ఓవెన్స్ యంత్రం ఊదేవాళ్ళ అవసరమే లేకుండా చేసింది.

ఫ్రాన్సు ఆలస్యంగా మేలుకుంది. వైన్ రవాణా పీపాల్లోనే జరగాలన్న నియమాన్ని 15వ లూయీ 1728లో షాంపేన్ కోసం సడలించి, బుట్టల్లో సీసాలు పంపనిచ్చాడు; 1735లో సీసా బరువు, కొలత ఎంతుండాలో శాసించాడు. షాంపేన్‌ది ఇంచుమించు కల్లు సమస్యే: సీసాలోనే మళ్ళీ పులిసి వాయువు పుడుతుంది. ఆ ఒత్తిడి ఆరు వాతావరణ పీడనాలు, బస్సు టైరులోని గాలికి దగ్గర. 19వ శతాబ్దం మొదట్లో నేలమాళిగల్లో సీసాలు వరసగా పేలిపోయేవి. పనివాళ్ళు ముఖానికి ఇనుప తొడుగులు వేసుకునేవారు. చక్కెర ఎంత వేస్తే ఎంత ఒత్తిడి పుడుతుందో 1836లో జాఁ బాప్తిస్త్ ఫ్రాన్స్వా అనే మందుల వ్యాపారి లెక్క కట్టాకే నష్టం తగ్గింది. బిరడాను పట్టి ఉంచే తీగ పంజరం 1844లో అడాల్ఫ్ జాక్సన్ పేటెంటు.

చెట్టు బెరడు

కార్కు ఓక్ చెట్టు పడమటి మధ్యధరా తీరాల్లో పెరుగుతుంది. ప్రపంచంలో తయారయ్యే కార్కులో సగం పోర్చుగల్‌దే. చెట్టుకు పాతికేళ్ళు వచ్చాక మొదటిసారి బెరడు ఒలుస్తారు, ఆపైన తొమ్మిదేళ్ళకొకసారి. మొదటి రెండు ఒలుపులూ గరుకుగా ఉంటాయి, బిరడాలకు పనికిరావు. అంటే చెట్టు నాటినవాడు తన చెట్టు బిరడా చూడాలంటే నలభై ఏళ్ళు దాటాలి. ఒలిచేది గొడ్డలితోనే. దెబ్బ లోతుగా దిగితే చెట్టుకు గాయమవుతుంది కాబట్టి ఆ పని చేసేవాళ్ళకు మంచి కూలి దక్కుతుంది. ఒలిచిన చెట్టు మీద, ఆ ఏడాది గుర్తుగా, చివరి అంకె తెల్లరంగుతో రాస్తారు.

1665లో రాబర్ట్ హుక్ తన సూక్ష్మదర్శిని కింద పెట్టిన పలుచటి ముక్క ఈ కార్కుదే. అందులోని గదులను చూసి ఆయన పెట్టిన ‘సెల్’ అన్న పేరే జీవకణానికి స్థిరపడింది. ఘనపు అంగుళానికి నూట ఇరవై కోట్లకు పైగా గదులుంటాయని ఆయన లెక్క. ఒక్కో గదిలో గాలి, గోడలకు నీరంటనివ్వని మైనపు పదార్థం. రబ్బరును ఒకవైపు నొక్కితే రెండోవైపు ఉబ్బుతుంది, కార్కు ఉబ్బదు. అందుకే 24 మిల్లీమీటర్ల అడ్డకొలత ఉన్న బిరడాను నొక్కి 18.5 మిల్లీమీటర్ల మూతిలోకి దించగలుగుతున్నారు. దిగాక అది తిరిగి విచ్చుకోబోతూ గాజును ఒత్తి పడుతుంది. మన జీలుగు బెండు తేలికలో కార్కుకు తీసిపోదు, వలలకు తేలడానికీ పెళ్ళి అలంకారాలకూ పనికొస్తుంది. కానీ నొక్కితే నలిగిపోతుంది, తిరిగి లేవదు.

బిగించిన బిరడాను లాగడానికి మర కావాలి. తుపాకి గొట్టంలో ఇరుక్కున్న గుండును లాగే ఇనుప చుట్టను ఇంగ్లీషువాళ్ళు ఈ పనికి వాడుకున్నారు. 1681లో దాని ప్రస్తావన మొదట కనిపిస్తుంది. మొదటి పేటెంటు 1795లో పొందినవాడు సామ్యుల్ హెన్షల్ అనే చర్చి ఫాదరు.

గోదావరి మొగల్లో కంపెనీ సరుకు

18వ శతాబ్దంలో గోదావరి మొగల చుట్టుపక్కల యూరపువాళ్ళ గిడ్డంగులు దగ్గరదగ్గరగా ఉండేవి. అమలాపురానికి దిగువన బెండమూర్లంకలోనూ, యానాం చేరువలో ఇంజరంలోనూ ఇంగ్లీషువాళ్ళు, పాలకొల్లులో, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ళు, యానాంలో ఫ్రెంచివాళ్ళు. అందరూ వచ్చింది నేత బట్టల కోసం. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దండు బెండమూర్లంకనూ ఇంజరాన్నీ పట్టుకుంది. ఫ్రెంచివాళ్ళు యానాంలో మొదట 1723లో దిగి, నాలుగేళ్ళకు వదిలేసి, 1731లో తిరిగి వచ్చారు. నడుమ ఇంగ్లీషువాళ్ళు లాక్కున్న కాలాలు పోను 1954 దాకా ఉన్నారు.

ఫ్రెంచి కంపెనీ ఓడలు లోరియాఁ రేవు నుంచి పుదుచ్చేరికి తెచ్చే సరుకుల్లో వైన్ ఒకటి. డచ్చివాళ్ళు జిన్నును నలుపలక సీసాల్లో తెచ్చేవారు. గుండ్రటివాటి మధ్య ఖాళీ మిగులుతుంది, నలుపలకవి చెక్కపెట్టెలో సందు లేకుండా ఇముడుతాయి. ఇంగ్లీషువాళ్ళకు ఈ తీరంలో ఇష్టమైనది మదీరా దీవి వైన్. అది పీపాల్లో వచ్చేది. బ్రాందీ కలిపిన ఆ వైన్ ఓడ అడుగున నెలల తరబడి ఉడికితే చెడకపోగా రుచి పెరిగేది, అందుకే ఎండ దేశాలకు కుదిరింది. మామూలు ఫ్రెంచి వైన్‌కు మన ఎండ శత్రువు. పదిహేను డిగ్రీల చల్లదనంలో నింపిన సీసా ముప్పై అయిదు డిగ్రీల గదిలోకి వస్తే లోపలి ద్రవం నాలుగైదు మిల్లీలీటర్లు పెరుగుతుంది. సన్నటి మెడలో అది సెంటీమీటరున్నర పైమాటే. బిరడా కింద ఉన్న ఖాళీ నిండిపోయి, బిరడా పైకి జరుగుతుంది లేదా పక్కనుంచి కారుతుంది. రాత్రి చల్లబడగానే అదే దారిన గాలి లోపలికి పోతుంది. నేలమాళిగ తవ్వుదామంటే ఈ లంకల్లో రెండు బారలకే నీళ్ళు.

గోళీ బిరడా

కార్కు ఎండితే వాయువు పోతుంది; సోడాకు ఆ జబ్బు మరీ ఎక్కువ. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు సీసా మెడలో గాజు గోళీ, రబ్బరు వలయం పెట్టి పేటెంటు తీసుకున్నాడు. సీసాను తలకిందులు చేసి వాయువు పట్టిస్తే గోళీ మూతికి జారి, లోపలి ఒత్తిడికే వలయానికి అతుక్కుంటుంది. తెరవడానికి చెక్కగుబ్బతో ఒక్క గుద్దు. మెడలోని నొక్కులు గోళీని పట్టి ఉంచుతాయి కాబట్టి వంచి తాగేటప్పుడు దారికి అడ్డం రాదు. పుట్టినిల్లయిన ఇంగ్లండు ఈ సీసాను ఎప్పుడో వదిలేసింది, మన సోడాబళ్ళు మాత్రం మొన్నమొన్నటి దాకా వదల్లేదు. ఊరి తగాదాల్లో సోడాబుడ్లు విసురుకోవడం పోలీసు కేసుల్లో మామూలు వాక్యంగా ఉండేది. ఆ గాజు మందం అలాంటిది.

బార్న్‌స్లీ పట్టణంలో కాడ్‌కు కొన్నాళ్ళు భాగస్వామిగా ఉన్న డాన్ రైలాండ్స్ 1889లో సీసాకు మర బిరడా పేటెంటు చేశాడు. గోళీ సోడా, ఇప్పటి తిప్పే మూత ఒకే ఊరి గాజు కొలుముల నుంచి వచ్చాయన్నమాట. 1892లో బాల్టిమోర్‌లో విలియం పెయింటర్ అంచు మడతల రేకు మూత చేశాడు. దాని లోపలా చాలాకాలం పలుచటి కార్కు బిళ్ళే ఉండేది. గౌతమి అవతలి గట్టున రామచంద్రపురంలో అద్దూరి రామచంద్రరాజు నాటిన సోడా వ్యాపారం 1919 నాటిది. అదే తర్వాత ఆర్టోస్ అయింది. గోదావరి జిల్లాల పెళ్ళి విందుల్లో ఆర్టోస్ సీసా రేకు మూత ఊడదీసిన చప్పుడు ఎరగనివాళ్ళు తక్కువ.

సీసా లేని సారా, కార్కు లేని వైన్

1980లలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్లాస్టిక్ పొట్లాల్లో ఊళ్ళకు చేర్చింది. సీసా ఖర్చు లేదు, తిరిగి ఇవ్వాల్సిన పని లేదు, జేబులో పట్టేది. తాగుడు గడపదాకా రావడానికి ఆ పొట్లం బాగా తోడ్పడింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమంతో 1993 అక్టోబరులో సారా, 1995 జనవరిలో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997లో సడలింపు వచ్చింది. ఆ రెండేళ్ళూ యానాంలో నిషేధం లేదు. ఎదుర్లంక, యానాం మధ్య గౌతమి మీద బాలయోగి వారధి ఇంకా రాని రోజులవి. ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి అవతలికి వెళ్ళివచ్చేవాళ్ళ సంచులు వెతకడం ఎక్సైజువాళ్ళకు నిత్యకృత్యమైంది.

దుకాణంలో ‘ఫుల్’ అంటే 750 మిల్లీలీటర్లు. ఈ అంకెకు మూలం ఇంగ్లీషు గాలనులో ఆరో వంతు, సుమారు 758. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు వైన్ పీపా 225 లీటర్లు కాబట్టి సరిగ్గా 300 సీసాలు. అమెరికా 1979లో ఈ కొలతను ఖాయం చేసింది. మన ‘క్వార్టర్’ 180 మిల్లీలీటర్లు, అంటే ఫుల్లులో పావు కంటే ఏడున్నర తక్కువ. నాలుగు క్వార్టర్లు కొన్నవాడికి ముప్పై మిల్లీలీటర్లు తగ్గుతుందని లెక్కలు వచ్చిన తాగుబోతులకు తెలిసే ఉంటుంది.

కార్కుకు పెద్ద దెబ్బ 1980లలో తగిలింది. కొన్ని సీసాల్లో తడి అట్టపెట్టె వాసన రావడానికి క్లోరిన్ కలిసిన ఒక పదార్థం కారణమని స్విట్జర్లాండ్‌కు చెందిన హాన్స్ టానర్ బృందం తేల్చింది. లక్ష కోట్ల పాళ్ళలో కొద్దిపాళ్ళున్నా ముక్కుకు తెలుస్తుంది. 2000లో ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయ వైన్ తయారీదారులు మూకుమ్మడిగా తమ రీస్లింగ్ రకం తెల్ల వైన్‌ను మర మూతల సీసాల్లో నింపారు. న్యూజీలాండ్ వెంటనే అందుకుంది. మహారాష్ట్రలో సులా వంటి సంస్థలూ చాలా రకాలకు మర మూతలే వాడుతున్నాయి. గిడ్డంగి నుంచి దుకాణం అర దాకా చల్లదనం దొరుకుతుందన్న నమ్మకం లేని దేశంలో అది తెలివైన పని. కార్కు కంపెనీలు బెరడు ఉడకబెట్టే పద్ధతులు మార్చి, ఒక్కో బిరడానూ వాసన పరీక్షకు పెట్టి చాలామటుకు నిలదొక్కుకున్నాయి. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు దాచే ఎర్ర వైన్లకు ఇప్పటికీ వాళ్ళ బిరడాయే పెడుతున్నారు.